ఎడమవైపు రెండో పన్ను

ఆ పళ్ళ సెట్టు రెండోసారి కూడా తిరిగొచ్చింది.

సోమవారం పొద్దున, బల్లల మీద స్పిరిటు దీపాలు ఇంకా వెలిగించకముందే, ల్యాబ్ ఓనరు ఆ అట్టపెట్టెను తెచ్చి మధ్య బల్ల మీద పెట్టాడు. పెట్టాడనడం మర్యాదకే; పడేశాడు. మూత ఊడి, లోపలున్న మైనపు చిగుళ్ళూ వాటి మీద బారులు తీరిన పళ్ళూ బయటపడ్డాయి. డాక్టరమ్మ రాసిన చీటీ ఒకటి రబ్బరుబ్యాండుతో చుట్టి ఉంది. "పేషెంటుకి నచ్చలేదు. మళ్ళీ చేయగలరు." అంతే. ఏం నచ్చలేదో, ఎందుకు నచ్చలేదో ఒక్క ముక్క లేదు.

"ఇందులో నచ్చకపోవడానికేముంది?" అన్నాడు ముత్యాల బాబాయ్, సెట్టును కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పుతూ.

ఆ ల్యాబ్‌లో అందరికంటే పెద్దవాడు ఆయనే. ముప్పై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు పేరుస్తున్నాడు. ఆయన పేర్చిన వరస మీద దారం లాగి పట్టినా వెంట్రుకవాసి తేడా రాదు. మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా, బక్క మొహానికైనా బూరె బుగ్గలకైనా అదే వరస, అదే ముత్యాల పేట. అందుకే ఆ పేరు. ఆయనకి ఆ పేరంటే గర్వం కూడాను.

"నీ తప్పు కాదులే బాబాయ్. ఆవిడకే ఏదో తిక్క," అన్నాడు ఓనరు. తర్వాత కిటికీ పక్క బల్ల వైపు తిరిగాడు. "మాస్కక్కా, ఈసారి నువ్వు చెయ్యి."

మాస్కక్క చేతిలో ఉన్న దూదిని దీపం పక్కన పెట్టింది.

"గురువారం సాయంత్రం ఐదింటికి డెలివరీ మనిషి వస్తాడు. శుక్రవారం పదకొండుకి పేషెంటు నోట్లో పెట్టి చూస్తారు. డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, ఇదే ఆఖరు అని. ఈసారీ తిరిగొచ్చిందంటే ఆ క్లినిక్కు మనకి పోయినట్టే." ఓనరు కాస్త ఆగి గొంతు తగ్గించాడు. తగ్గించినా గదిలో అందరికీ వినపడింది. "అప్పుడు నిన్నీ బల్ల దగ్గర ఉంచడం నా వల్ల కాదు. మళ్ళీ పిండి గదికి వెళ్ళాల్సొస్తుంది. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననకు."

తిరిగొచ్చిన రెండుసార్లూ పేర్చింది నేను కాదు కదా సార్, అందామనుకుంది. బాబాయ్ చేస్తే పేషెంటు తిక్క, నేను చేస్తే నా తప్పూనా, అని కూడా అందామనుకుంది. రెండు మాటలూ మాస్కు లోపలే ఉండిపోయాయి. తల మాత్రం ఊపింది.

పిండి గదంటే ల్యాబ్ వెనకాల కిటికీ లేని గది. డాక్టర్లు పంపిన కొలతల్లో సుద్దపిండి కలిపి పోసి, నోటి అచ్చులు తీసేది అక్కడే. ఆమె ఏడేళ్ళు అక్కడ పిండి కలిపింది. రెండేళ్ళ కిందటే ఈ కిటికీ పక్కకి వచ్చింది. గదిలోంచి వచ్చేసినా, దుమ్ముకని కట్టుకున్న మాస్కు మాత్రం మొహం మీదే ఉండిపోయింది. దుమ్ము పడదంటుంది. టీ తాగేటప్పుడు గోడ వైపు తిరుగుతుంది. ల్యాబ్‌లో ఎవరూ ఇప్పటిదాకా ఆమె పూర్తి మొహం చూడలేదు. చూస్తే ఏముంది, ఎత్తుపళ్ళు. పైవరస ముందుకు పొడుచుకొచ్చి, మధ్య రెండిట్లో ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. చిన్నప్పుడు బళ్ళో ఆమెను కొబ్బరికోరాం అని పిలిచేవాళ్ళు. రోజంతా పళ్ళు పేర్చి బతికే మనిషికి అంతకంటే వెక్కిరింపు ఏముంటుంది?

ఆమె పెట్టెలోంచి పేషెంటు అచ్చు బయటికి తీసింది. పళ్ళన్నీ పోయిన పై దవడ, నున్నటి సుద్ద. చీటీ మీద పేరు లేదు. నలభై ఏడో నంబరు, స్త్రీ, అరవై ఎనిమిదేళ్ళు. అలవాటు కొద్దీ బొటనవేలితో అంగిలి తడిమింది. ముందు పళ్ళ వెనక అంగిట్లో సన్నటి ముడతలుంటాయి. వేలిముద్రల్లాగే ఎవరివి వాళ్ళవే. ఈ అంగిట్లో ఎడమ పక్క మూడు ముడతలు ఒకే చోట కలిసి, మళ్ళీ విడిపోయాయి.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. ఈ నోరు తనకు తెలుసు.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచీ విడవకుండానే కుర్చీ లాక్కుని బీరువా పైనున్న చెప్పుల డబ్బా దింపింది. అందులో పాత గుడ్డల మధ్య పదకొండు సుద్ద నోళ్ళున్నాయి. ఏడాది దాటిన అచ్చులు పగలగొట్టి పారేయాలని ల్యాబ్ రూలు. పిండి గదిలో సుత్తి పట్టుకునేది ఆమే కాబట్టి, కొన్నిటి మీద సుత్తి పడలేదు. దొంగతనమే అనాలి, కానీ దొంగిలించి ఏం చేసుకుంటుంది? ఊరికే చూసుకునేది. ఒకదానికి కోరపళ్ళు రెండూ పొడుగు. ఒకదానికి ముందు పళ్ళ మధ్య వేలెడు సందు. ఒక్కటీ తిన్నగా లేదు. తిన్నగా ఉన్నవాటిని ఆమె మారు మాట లేకుండా పగలగొట్టేసేది.

అడుగున దొరికింది. నాలుగేళ్ళ కిందటి అచ్చు, పళ్ళు తీయకముందుది. ఆమె అంగిలి తడిమి చూసింది. ఎడమ పక్క మూడు ముడతలు, ఒకే చోట కలిసి, మళ్ళీ విడిపోయి. ఆ ముడతల ముందు, పైవరసలో ఎడమవైపు రెండో పన్ను పక్కదాని మీదికి ఒరిగి ఉంది, భుజం మీద తల ఆన్చినట్టు. ఆ ఒరుగు చూసే ఆనాడు సుత్తి పక్కన పెట్టింది.

"ఎవరి నోరమ్మా అది?"

వెనకాల కూతురు నిలబడి ఉంది. పదకొండేళ్ళది. రోజంతా కిచకిచలాడుతూ ఉంటుందని ఇంట్లో పిచ్చుక అంటారు.

"పనిదిలే. నువ్వు హోంవర్కు చేసుకో."

"చేసేశా." పిచ్చుక మంచం మీద కూలబడి ఫోను తీసింది. ఏదో వీడియో. అందులో ఒకాయన నిచ్చెన ఎక్కబోయి బురదలో పడ్డాడు కాబోలు, పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే ఎడమ అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుంది.

తల్లి చేతిలో అచ్చు బరువెక్కింది. ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మొదలైంది? మొన్నటిదాకా లేదే!

"నవ్వితే చెయ్యి అడ్డం ఎందుకే?"

పిచ్చుక ఫోనులోంచి తలెత్తింది. అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "మన పళ్ళకి అలాగే పెట్టుకోవాలి కదమ్మా? నువ్వూ పెట్టుకుంటావుగా."

"నేను నీకెప్పుడైనా చెప్పానా?"

"చెప్పాలా ఏంటి?" మళ్ళీ ఫోనులోకి తల దించింది. "వచ్చే సోమవారం క్లాసు ఫొటో. నేను వెళ్ళను. కడుపునొప్పని చెప్పు."

"ఫొటోకేమైందే?"

"ఫొటో తీసేవాడు నవ్వమంటాడు."

తల్లి అచ్చును గుడ్డలో చుట్టి రేపటి సంచీలో పెట్టుకుంది. తన పళ్ళు కూతురికి వచ్చినందుకు ఎప్పుడూ బాధే. కానీ తన చెయ్యి కూడా వచ్చిందని ఇప్పుడే తెలిసింది.

మంగళవారం ఆమె పళ్ళు తిన్నగానే పేర్చింది. భయం అలాంటిది. మైనం గట్టు మీద దీపంలో వేడిచేసిన కత్తి మొన దింపి, చిన్న గుంట చేసి, పన్ను గుచ్చి, చుట్టూ కరిగిన మైనం రాసి, ఆరేదాకా వేలితో పట్టుకుని... అలా మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కోటే. మధ్యాహ్నానికి ఆరు ముందు పళ్ళూ నిలబడ్డాయి. చూస్తే అవి ముత్యాల బాబాయ్ పళ్ళే. రెండుసార్లు తిరిగొచ్చిన పళ్ళే. మూడోసారి కూడా ఇవే పంపితే మూడోసారి కూడా తిరిగొస్తాయి, అందులో అనుమానమేముంది? అలాగని వంకరగా పెట్టి పంపితే? డాక్టరమ్మ ఊరుకుంటుందా? పేషెంటు మాత్రం, నా అవిటి పన్ను మళ్ళీ నాకే అంటగడతావా అని విసిరికొట్టదూ? ఎటు తిరిగినా పిండి గదే కనపడుతోంది.

టీ వేళకి గోడ వైపు తిరిగి నిలబడి, సంచీలోని పాత అచ్చును గుడ్డ తొలగించి చూసింది. ఆ పన్ను ఎంత ఒరిగిందో, అంచు ఎంత పైకి లేచిందో, పక్కదాన్ని ఎక్కడ కప్పిందో. చూస్తుంటే టీ చల్లారిపోయింది.

బుధవారం ఆమె ఎడమవైపు రెండో పన్నును ఊడదీసింది. ఊరికే తిప్పి పెడితే కుదరదు. పక్కదాని మీదికి ఎక్కాలంటే వెనక వైపు కొంచెం అరగదీయాలి. చిన్న చక్రం మీద పెట్టి గీసింది. పెట్టి చూసింది. చాలలేదు. మళ్ళీ గీసింది. ఎక్కువైతే పన్ను పాడు. ఊపిరి బిగబట్టి, మళ్ళీ గీసి మైనంలో గుచ్చి, కత్తి మొనతో వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు. ఒక దశలో ఎందుకో ఆ పన్ను మొహం చిట్లించినట్టుంది. ఇంకాస్త ఒరిగిస్తే మరీ జాలిగా ఉంది. ఎప్పుడు మధ్యాహ్నం దాటిందో, క్యారియరు ఎప్పుడు చల్లబడిందో తెలియలేదు. చివరికి వేలితో ఒక్కసారి మెల్లగా నొక్కి వదిలింది. అంతే, కుదిరిపోయింది. ఆ ఒక్క పన్ను ఒరగగానే మిగతా పళ్ళకి కూడా ప్రాణం వచ్చింది. అప్పటిదాకా అది ఒక వరస. ఇప్పుడు ఒక మనిషి నోరు.

మాస్కు కింద ఆమె నవ్వింది. నవ్వాక భయం వేసింది. ఇంత సంతోషం తనకి పని దగ్గర ఎప్పుడూ కలగలేదు, అందుకని.

గురువారం కింది వరస ముగించి, చిగుళ్ళు గీసి, మైనం మెరిసేదాకా తడిగుడ్డతో తుడిచింది. నాలుగింటికి పిచ్చుక బడి నుంచి ఫోను వచ్చింది. కడుపునొప్పట, ఇంటికి పంపేయమంటారా అని. ఫొటోకి రిహార్సలు వేస్తోందని తల్లికి అర్థమైంది. వరండాలోకి వెళ్ళి టీచరుకి సర్దిచెప్పి, కూతుర్ని బతిమాలి, కొంచెం కోప్పడి లోపలికొచ్చేసరికి ముత్యాల బాబాయ్ సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి, "నీ సెట్టులో ఎడమ పక్క పన్ను జారింది. వేడి తగిలి మైనం మెత్తబడి ఉంటుంది. కంగారు పడకు, నేను సరిచేసేశా. ఆ పన్ను కూడా వెనకాల అరిగిపోయి ఉంటే కొత్తది వేశా. ఓనరుతో అనలేదులే."

జారలేదు బాబాయ్, నేనే పెట్టాను. ఈ నాలుగు ముక్కలు అంటే చాలు. కానీ ఆయన మొహంలో అంత మంచితనం ఉంది. తొమ్మిదేళ్ళలో ఆమె మీద ఒక్కసారి గొంతు పెంచని మనిషి.

"థాంక్స్ బాబాయ్," అంది.

ఆయన వెళ్ళిపోయాడు. గడియారంలో నాలుగూ ఇరవై ఐదు.

బల్ల దగ్గరికి వచ్చి చూసింది. ముత్యాల పేట. అంత తిన్నటి వరస ఆమె జన్మలో పేర్చలేదు. ఎవరూ వంక పెట్టలేరు. తిరిగొస్తే కూడా, బాబాయ్ చెయ్యి పడింది సార్ అనొచ్చు. దేవుడు కష్టాన్ని తప్పించడానికే ఆ కడుపునొప్పి ఫోను పంపాడనుకోవచ్చు. ఊరుకుంటే పోయేదేముంది? పోయేది తనదేమీ లేదు. ఒక అరవై ఎనిమిదేళ్ళావిడ, ఎవరో ఏమిటో తెలియనిది, మూడోసారి అద్దంలో ఇంకెవర్నో చూసుకుంటుంది. అంతే కదా.

అంతే కదా అనుకుంటూనే ఆమె చెత్త పళ్ళెంలో చేతులు పెట్టింది.

మైనం తురుము, కాలిన దూది, విరిగిన ముక్కలు. వేళ్ళతో కెలికింది. పన్ను లేదు. పళ్ళెం బల్ల మీద బోర్లించింది. బియ్యపు గింజంత వస్తువు. నాలుగూ ముప్పై ఐదు. చీపురు తెచ్చి బాబాయ్ బల్ల కింద ఊడ్చింది. దుమ్ము, పిన్నులు, ఎవరిదో గుండీ. చెమట మాస్కు తడిపేస్తోంది. ఊపిరాడక మాస్కు గడ్డం కిందికి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద చెంప ఆన్చి చూసింది. బల్ల కాలుకీ గోడకీ మధ్య తెల్లగా ఏదో ఉంది.

దీపం వెలిగించింది. కత్తి వేడిచేసింది. బాబాయ్ పెట్టిన పన్నును ఊడదీసి, కొత్త పళ్ళు అంటించి ఉండే కార్డులో తిరిగి పెట్టింది. అరిగిన పన్నును గుంటలో నిలబెట్టింది. పాత అచ్చు తీసి ఎదురుగా పెట్టుకునే ధైర్యం లేదు, ఎవరైనా చూస్తే? కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. వేలికి గుర్తుంది. మెల్లగా నొక్కి వదిలింది.

డెలివరీ మనిషి తలుపు దగ్గర గంట కొట్టినప్పుడు ఆమె చీటీ మీద 'పేర్చినవారు' అన్న చోట సంతకం పెడుతోంది. సంతకం పెట్టాక, అక్షరాలు స్పష్టంగా లేవేమోనని పక్కన పూర్తి పేరు కూడా రాసింది. ఎందుకలా రాసిందో ఆమెకే తెలియదు.

శుక్రవారం పదకొండు దాటింది. పదకొండున్నర అయింది. ఓనరు గదిలో ఫోను మోగినప్పుడల్లా ఆమె తలుపు వైపు చూస్తోంది. ఒకసారి పిండి మూటలవాడు. ఒకసారి ఓనరు బావమరిది. పన్నెండుకి పది నిమిషాలుందనగా ఓనరు తలుపు దగ్గరికి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"డాక్టరమ్మ నిన్ను రమ్మంటోంది. పని అక్కడ పెట్టేసి ఇప్పుడే వెళ్ళు." అని, ఆమె లేచాక, "ఏం చేశావ్?" అన్నాడు.

ఆమె బాబాయ్ వైపు చూడలేదు. సంచీ తీసుకుంది.

క్లినిక్కు రెండు వీధుల అవతలే. అద్దాల తలుపు, వరస కుర్చీలు, మందు వాసన. లోపల పెద్ద కుర్చీలో సన్నగా పొడుగ్గా ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చేతిలో అద్దం. నోట్లో మైనపు సెట్టు. అద్దంలోకి చూస్తోంది. ఎవరొచ్చారో చూడలేదు.

"ఇది నువ్వు చేసిందేనా?" అంది డాక్టరమ్మ.

"అవునండి."

"ఇదేమిటసలు? మూడోసారి కదా, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయక్కర్లేదా? చిన్నపిల్లలు పేర్చినా ఇంతకంటే తిన్నగా పేరుస్తారు!" బల్ల మీద దీపం, కత్తి సిద్ధంగా ఉన్నాయి. "ఇక్కడే కూర్చుని తిన్నగా చెయ్యి. పది నిమిషాల పని. టీచరుగారూ, అదొక్కసారి తీసివ్వండి."

పెద్దావిడకి వినపడలేదో, వినపడనట్టు ఊరుకుందో. అద్దం దించలేదు. బొటనవేలి కొసతో ఎడమవైపు రెండో పన్నును ముట్టుకుంది. మళ్ళీ ముట్టుకుంది.

"ఇది పేర్చిందెవరు?" అంది చివరికి. నోట్లో మైనం ఉండటంతో మాట కాస్త నత్తిగా వచ్చింది.

"నేనేనండి," అంది మాస్కక్క.

"ఆఁ?"

"నేనేనండీ."

"అమ్మాయ్, నాకు చెవులు అంతంతమాత్రం. మూతి కనపడితేగానీ మాట అందదు. ఆ గుడ్డ కాస్త తియ్యి."

ఆమె డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ గడియారం వైపు చూస్తోంది. చెవుల వెనక తాళ్ళు వదులుచేసి మాస్కు దించింది. దించిన మరుక్షణం చెయ్యి తనంతట తాను లేచి మూతికి అడ్డం వచ్చింది.

"చెయ్యి కూడా," అంది పెద్దావిడ.

చెయ్యి దించడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకి తెలియదు. గదిలో దీపాలన్నీ తన పళ్ళ మీదే పడుతున్నట్టుంది. అయినా మాట్లాడింది. సంచీలోంచి గుడ్డ మూట తీసి, విప్పి, పాత అచ్చు పెద్దావిడ ఒళ్ళో పెట్టింది. రూలు చెప్పింది, సుత్తి చెప్పింది, చెప్పుల డబ్బా చెప్పింది. దాచకూడదని తెలిసీ దాచానంది. చెప్పకుండా చేయడం తప్పేనంది. "మీ పన్ను నాకు నచ్చిందండి. అందుకే పగలగొట్టలేకపోయాను. తిన్నగా పెట్టమంటే ఇప్పుడే పెట్టేస్తాను," అని ఆగింది.

పెద్దావిడ ఆ సుద్ద పళ్ళను చాలాసేపు చూసింది. తర్వాత ఆమె నోటి వంక చూసింది. జాలిపడలేదు, మొహమాటపడి చూపు తిప్పుకోనూ లేదు. పుస్తకం చదివినట్టు చూసింది. "అదీ సంగతి," అంది. "అందుకే నీకు తెలిసింది."

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుంది. "టీచరుగారూ, మీకు ఆ వంకర వదిలిపోతుందనే కదా నేను అంత చక్కటి వరస చేయించింది? ఇదే కావాలంటే మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? మా కోడలు ముత్యాలంది. మీరు ముత్యాలన్నారు. మా ఆయన సినిమాతారలా ఉన్నావన్నాడు. అందరూ అంత సంబరపడుతుంటే, నాకా పాత వంకర పన్నే కావాలని ఏ మొహం పెట్టుకుని అడగను? సిగ్గేసింది. ఇవి నావి కావు అన్నాను, అంతకంటే నోరు రాలేదు." అద్దం పక్కన పెట్టింది. "ముప్పై ఆరేళ్ళు బళ్ళో డ్రిల్లు టీచర్ని నేను. అందరూ మెళ్ళో ఈల వేసుకుంటారు. నేను ఏనాడూ వేసుకోలేదు. ఈ పన్నుండగా నాకు వేరే ఈల ఎందుకు?"

అంటూనే పెదాలు బిగించి, నాలుక ఆనించి ఊదింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"మైనం, టీచరుగారూ! ఊడొస్తుంది!" అని డాక్టరమ్మ లేచింది.

పెద్దావిడ చెయ్యెత్తి ఆమెను ఆపింది, బళ్ళో పిల్లల్ని ఆపినట్టే. నాలుక కాస్త పక్కకి జరుపుకుని మళ్ళీ ఊదింది. సన్నగా, వంకరగా, మొదట్లో కాస్త చీలి, తర్వాత తిన్నగా ఈల వచ్చింది. అద్దాల తలుపు అవతల కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు తలలెత్తారు.

ఆవిడ ఊదడం ఆపి ఆత్రంగా మాస్కక్క మొహంలోకి చూసింది. "వినపడిందా? నాకు తెలియదు. నిజం చెప్పు, వినపడిందా?"

"వినపడిందండీ!" అంది ఆమె. అని, నోరంతా తెరిచి నవ్వింది.

డాక్టరమ్మ చీటీ తీసి 'ఇలాగే ఉంచండి' అని రాసి, కింద సంతకం పెట్టి, చేతికిస్తూ, "ఇంకోసారి ఇలాంటిదేదైనా చేసేముందు నాకు ఫోను చెయ్యి," అంది. కోపం పూర్తిగా పోలేదు. పోవాలని రూలేం లేదు.

బయటికొచ్చి ఒక వీధి దాటాక, మాస్కు చేతిలోనే ఉందని గమనించింది. ఎండ పళ్ళకి తగులుతోంది. ఎదురుగా ఎందరో వస్తున్నారు, పోతున్నారు. ఒక్కరూ ఆగి చూడలేదు. ఇన్నేళ్ళూ ఇంత భయపడితే కనీసం ఒక్కరైనా చూడరా అని కాస్త ఉడుకుమోత్తనం కూడా వచ్చింది.

ఓనరు చీటీ రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. డాక్టరమ్మ అప్పటికే ఫోనులో అంతా చెప్పినట్టుంది. "సరే, బల్ల దగ్గరికి పో. ఆ చెప్పుల డబ్బా సంగతి మాత్రం నాకు చెప్పకు. నేను వినలేదు," అన్నాడు.

ముత్యాల బాబాయ్ ఆ పూటంతా మాట్లాడలేదు. శనివారం మధ్యాహ్నం దాకా కూడా మాట్లాడలేదు. ఆమెకి అది పిండి గది కంటే బరువుగా ఉంది. సగం రోజు పని అయిపోయి అందరూ వెళ్ళిపోతుంటే ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఆ పన్ను జారలేదు బాబాయ్. నేనే పెట్టాను. ఆ రోజే నీతో చెప్పాల్సింది. నీకు తెలియకుండా మళ్ళీ మార్చడం నా తప్పు."

"ముప్పై ఏళ్ళ చెయ్యి అమ్మాయ్ నాది," అన్నాడాయన సంచీ సర్దుకుంటూ. "ఎవరూ మార్చలేదు."

"తెలుసు." ఆమె మాస్కు తీసి జేబులో పెట్టుకుంది. "నాకో పని చేసిపెడతావా? నా నోటికి కొలత తియ్యి."

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఎందుకు? తిన్నగా చేయించుకుంటావా?"

"కాదు. ఏడేళ్ళలో కొన్ని వేల నోళ్ళు పోశాను. నాదొక్కటే పోయలేదు."

బాబాయ్ సంచీ దించాడు. పచ్చటి పొడి నీళ్ళలో కలిపి, గరిటెతో గిన్నె గోడలకేసి గబగబా రుద్ది, ముద్దను ఇనప పళ్ళెంలో నింపాడు. "నోరు తెరువు. ముక్కుతో ఊపిరి తీసుకో." పళ్ళెం లోపలికి పెట్టబోయి, ఆగి, వంగి చూశాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని మళ్ళీ చూశాడు.

"ఎలా ఉన్నాయి?" అంది నోరు తెరిచే.

"ఇలా పేర్చమంటే నా వల్ల కాదు," అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

పిండి ఆమే కలిపింది. పిండి గదిలోకి వెళ్ళి, పాత గిన్నె తీసుకుని, బుడగలు పోయేదాకా బల్లకేసి తట్టి తట్టి పోసింది. గట్టిపడేదాకా పక్కనే కూర్చుంది. ఆ గదిలో అంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

ఇంటికొచ్చేసరికి పిచ్చుక గుమ్మంలో కూర్చుని చెప్పుల బక్కిల్ సరిచేసుకుంటోంది. తల్లి పక్కనే కూర్చుని, సంచీలోంచి అచ్చు తీసి పిల్ల ఒళ్ళో పెట్టింది. పూర్తిగా ఆరలేదు, ఇంకా వెచ్చగా ఉంది.

"ఇంకో నోరా? ఇదెవరిది?"

"నాది."

పిచ్చుక రెండు చేతులతో పట్టుకుని పైకెత్తింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ముందుకి పొడుచుకొచ్చిన వరసను వేలితో తడిమింది. పక్కదాని మీదికి ఎక్కిన పన్ను దగ్గర ఆగింది. పిల్ల నాలుక తన నోట్లో తన పన్ను మీదికి పోవడం తల్లికి కనపడింది.

"అమ్మా, ఇది అచ్చంగా నాదే!" అని పకపకా నవ్వింది. రెండు చేతుల్లోనూ అచ్చు ఉంది, అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు. నవ్వి, నవ్వి, తల్లి కూడా నవ్వుతోందని చూసి, ఆమె మొహంలోకి తేరిపార చూసింది. ఆ చూపు ముందు ఆమె చెయ్యి లేవబోయి, ఒళ్ళోనే ఉండిపోయింది.

పిచ్చుక అచ్చును జాగ్రత్తగా గుమ్మం పక్కన పెట్టి, మళ్ళీ బక్కిల్ మీదికి వంగింది. కాసేపటికి తలెత్తకుండానే అడిగింది.

"సోమవారం ఫొటోకి ఒక జడ వేస్తావా, రెండా?"